నాన్న మగ్గం సామాన్లతో శిల్పం: ఏ పదార్థం వాడాలి, దేన్ని దేనితో ఎలా అతకాలి?

మీ ప్రశ్న రెండు మూడుసార్లు చదివాను. మిగతావాళ్ల కోసం క్లుప్తంగా చెబుతాను. మీ నాన్నగారు మంగళగిరిలో నలభై ఏళ్లు గుంట మగ్గం (నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టి నేసేది) మీద నూలు చీరలు నేశారు. ఆయన పోయి రెండేళ్లయింది. మగ్గం విప్పేశారు, పాత ఇల్లు త్వరలో పడగొడుతున్నారు. ఆయన నాడె (అడ్డపోగుని అటూ ఇటూ తీసుకెళ్లేది), పన్నె (నిలువు పోగులు దూరే దువ్వెన లాంటిది), పది పన్నెండు కండెలు (నాడెలో పెట్టే, నూలు చుట్టిన గొట్టాలు), కళ్లజోడు, రెండు లుంగీలు, మగ్గం మీద సగంలో ఆగిపోయిన చీర మీ దగ్గర ఉన్నాయి. మట్టి పని కొంత నేర్చుకున్నారు. నాన్నగారి ముఖాన్ని ఫైబర్ గ్లాస్‌లో పోతపోసి, బంగారు రంగు వేసి, తల చుట్టూ ఈ సామాన్లు అతికించాలని మీ ఆలోచన. "ఏ మెటీరియల్ ఏ అర్థం ఇస్తుంది, ఎన్నాళ్లు నిలుస్తుంది, నాన్న వస్తువులు పాడుచేస్తానేమోనని టెన్షన్‌గా ఉంది" అని రాశారు.

ముప్పై ఏళ్లుగా కర్ర, గుడ్డ, ఇనుము కలిపి పనిచేస్తున్నాను కాబట్టి కొంచెం పొడుగ్గానే చెబుతాను. ఓపిగ్గా చదవండమ్మా.

ఇనుమంటే బలం, పత్తంటే మెత్తదనం, మట్టంటే మూలాలు అని జాబితాలు చాలాచోట్ల కనిపిస్తాయి. వాటిని పక్కన పెట్టండి. నూలు సంగతే తీసుకోండి. చీర కట్టుకునేవాళ్లకు నూలు మెత్తగా ఉంటుంది. మీ ఇంట్లో నూలు అలా ఉండేది కాదు. గంజి పెట్టి, ఎండబెట్టి, మగ్గానికి బిగించిన పడుగు, అంటే నిలువు పోగులు, వీణ తీగలా లాగి ఉంటుంది. ఒక పోగు తెగితే పని ఆగుతుంది. వాన పడితే గంజి ఆరదు, ఆరకపోతే కూలి లేదు. అంటే మీ ఇంట్లో నూలుకి ఉన్న అర్థం బిగువు. దాన్ని మెత్తగా, కుచ్చులుగా వేలాడదీస్తే చూడ్డానికి బాగుంటుంది కానీ మీ నాన్నగారి నూలు అవదు. అందుకే పదార్థాన్ని ఎంచుకునే ముందు, ఆ పదార్థం ఆయన బతుకులో ఏం పని చేసిందో రాసుకోండి. వస్తువు పేరు పక్కన ఒక విశేషణం కాకుండా ఒక క్రియ రాయండి. నాడె: పరిగెత్తేది. పన్నె: కొట్టేది. కండె: ఖాళీ అయ్యేది. గుంట: కాళ్లు దాచుకునేది.

ఇంకొకటి, నాకు దీనికంటే ముఖ్యమైనది. ఒక పదార్థం ఒక్కటే ఉన్నప్పుడు అది చెప్పేది తక్కువ. పక్కన ఇంకోటి వచ్చి ఆనినప్పుడు మాట మొదలవుతుంది. ఆ రెండూ ఎలా ఆనుతున్నాయి? కుట్టారా, కట్టారా, మేకు కొట్టారా, జిగురుతో అంటించారా, ఒకదాంట్లో ఒకటి ముంచారా, ఊరికే ఆనించి వదిలారా? ఆ ఇద్దరి మధ్య సంబంధం ఏమిటో చెప్పేది ఆ అతుకే. వ్యక్తిగతమైన శిల్పంలో తొంభై పాళ్లు పొరపాట్లు అతుకు దగ్గరే చూశాను. అందరూ ఏ వస్తువు పెట్టాలా అని నెలలు ఆలోచిస్తారు, ఎలా అతకాలనే దగ్గరికి వచ్చేసరికి ఫెవికాలో, ఎం-సీలో చేతికి ఏది దొరికితే అది.

నాకు ఈ సంగతి తెలిసొచ్చిన తీరు చెబుతాను. మా అమ్మ పోయిన మరుసటి ఏడాది ఆమె పెళ్లి పట్టుచీర అంచు తీసుకుని ఒక సిమెంటు దిమ్మలో సగం దాకా పోతపోశాను. ఆమె మోసిన బరువు సిమెంటు, ఆమె పట్టు. రెండూ కలిసి నిలబడితే ఓర్పు కనిపిస్తుందని నా ఊహ. అచ్చు విప్పిన రోజు బ్రహ్మాండంగా ఉంది. ఆరేడు నెలల తర్వాత చూస్తే సిమెంటుని తాకిన మేర పట్టు రంగు పోయి, వేలు తగిలితే పొడిగా రాలింది. తడి సిమెంటుకి క్షార గుణం చాలా ఎక్కువ. పట్టు, ఉన్ని జంతువుల నుంచి వచ్చే ప్రొటీన్ పోగులు, అవి క్షారానికి ఆగవు. నేను చెప్పాలనుకున్నది ఓర్పు. ఆ రెండు పదార్థాలూ కలిసి చెప్పింది, బరువు ఆమెని తినేసిందని. తెలిసి చేసి ఉంటే అది నా మాట అయ్యేది, బహుశా మంచి శిల్పం కూడా అయ్యేది. తెలియక చేశాను కాబట్టి నాకు మిగిలింది పాడైపోయిన చీర అంచు. అమ్మ పెళ్లిచీర మళ్లీ రాదు. మీ టెన్షన్ నాకు అర్థమవుతుందని చెప్పడానికే ఇది రాశాను.

అదే సిమెంటు ఇంకొకరి చేతిలో ఎలా పలికిందో చూడండి. 1938లో శాంతినికేతన్‌లో శిల్పి రామ్‌కింకర్ బైజ్ సంథాల్ ఆదివాసీ కుటుంబం శిల్పాన్ని సిమెంటులో అక్కడి ఎర్ర గులకరాళ్లు కలిపి చేశాడు. మట్టి దారిన నడిచిపోతున్న కూలి కుటుంబం, బుట్టలో బిడ్డ, పక్కన కుక్క. కంచు పోత పోయించే డబ్బు లేని చోట దొరికినదాంతో చేసిన పని అది. గరుకుగా ఉంటుంది, నునుపు చేయలేదు. వాళ్ల ఒళ్లు, వాళ్ల కాళ్ల కింది నేల ఒకే సరుకు. అదే బొమ్మని పాలరాయిలో ఊహించుకోండి, ఆ కుటుంబం ఆ నేల నుంచి వేరైపోతుంది. అక్కడ అతుకు సిమెంటుకీ రాయికీ మధ్య కనిపిస్తూనే ఉంటుంది, ఆయన దాచలేదు.

దాచిన అతుకు తప్పని అనడం లేదు. మన కొండపల్లి బొమ్మలు చూడండి. తెల్ల పొణికి కర్రతో చేతులు, కాళ్లు, తల విడివిడిగా చెక్కి, రంపపు పొట్టు, చింతగింజల జిగురు కలిపిన మక్కుతో అతికి, పైన సున్నం పూసి రంగు వేస్తారు. అతుకు ఎక్కడుందో పిల్లలకి కనిపించకూడదు, ఎందుకంటే బొమ్మ ఒకే మనిషి అనిపించాలి. తోలుబొమ్మల్లో ఇందుకు పూర్తిగా తిరగేసి ఉంటుంది. మేకతోలుతో కోసిన చేయి, మోచేయి, నడుము దారపు ముడులతో వదులుగా కడతారు. ఆ వదులు వల్లే బొమ్మ ఆడుతుంది. అదే ముడిని జిగురుతో బిగిస్తే తెర మీద అది శవం. చూశారా, ఒకచోట అతుకు మాయమైతేనే బొమ్మకి ప్రాణం, ఇంకోచోట అతుకు కదిలితేనే ప్రాణం. మీ నాన్నగారి వస్తువుల మధ్య సంబంధం ఎలాంటిదో తేల్చుకునేది మీరే.

ఇప్పుడు మీ ప్లాన్ దగ్గరికి వస్తాను. నిర్మొహమాటంగా చెబుతున్నాను, ముఖం వద్దు. కారణం సాదృశ్యం రాదని కాదు, మీ మట్టి పని ఫొటోలు చూశాను, ముఖం మీకు వస్తుంది. కానీ ముఖం ఉన్నచోట కన్ను ముఖం మీదే ఆగుతుంది. నాడె, పన్నె, కండెలు దాని చుట్టూ నగల్లా, దండలా మిగిలిపోతాయి. నలభై ఏళ్లు ఆయన చేతిలో ఆడిన వస్తువు అలంకారం అయిపోవడం చాలా పెద్ద నష్టం. ముఖం కావాలంటే విడిగా మట్టిలో చేసుకోండి. అది వేరే శిల్పం, దానికి ఈ వస్తువుల సాయం అక్కర్లేదు.

ఫైబర్ గ్లాస్, బంగారు రంగు గురించి కూడా ఆలోచించండి. ఆ రెండిటినీ గొప్పగా వాడినవాడు మన సూర్యాపేటలో 1956లో పుట్టిన జి. రవీందర్ రెడ్డి. పెద్ద పెద్ద స్త్రీ తలలు, కళ్లు విప్పార్చి చూస్తుంటాయి, పాలిస్టర్ రెసిన్ ఫైబర్ గ్లాస్ మీద మెరిసే రంగు, బంగారు రేకు, కొప్పులో పూలు. బజార్లో కనిపించే ఆడమనిషి, ఊరి అమ్మవారు ఒకే ముఖంలోకి వచ్చేస్తారు. అక్కడ ఆ పదార్థం ఎందుకు కుదిరింది? ఫైబర్ గ్లాస్‌కి చేతి గుర్తు ఉండదు, వేలిముద్ర ఉండదు, చర్మం నున్నగా గట్టిగా ఉంటుంది. మనిషిని దేవత ఎత్తుకి తీసుకుపోవాలంటే ఆ నునుపు పనికొస్తుంది. మీరు చెప్పాలనుకుంటున్నది అందుకు ఎదురు. చేతి గుర్తుల మీద బతికిన మనిషి గురించి చెప్పాలి. ఆయన్ని బంగారంతో కప్పితే గౌరవం చేసినట్టే ఉంటుంది కానీ ఆయన పని కనిపించకుండా పోతుంది. ఇంకో సంగతి, రెసిన్ గట్టిపడేటప్పుడు బాగా వేడెక్కుతుంది, ఎండ తగిలితే ఏళ్లు గడిచేకొద్దీ పచ్చబడుతుంది, ఒకసారి దాంట్లో మునిగిన గుడ్డని మళ్లీ బయటికి తీయలేరు. నాన్న లుంగీ రెసిన్‌లో ముంచాలన్న ఆలోచన ఉంటే దయచేసి మానుకోండి.

బయటివాళ్ల పనుల్లో మీకు నేరుగా పనికొచ్చేవి మూడు చెబుతాను.

కొలంబియా శిల్పి డోరిస్ సాల్సెదో 1990ల మొదట్లో, తన దేశంలో మాయమైపోయిన మనుషుల, ముఖ్యంగా ఆడవాళ్ల చెప్పులు, బూట్లు వాళ్ల కుటుంబాల దగ్గర తీసుకుంది. గోడలో చిన్న గూళ్లు చేసి, చెప్పులు లోపల పెట్టి, గూటి మీద జంతువు పొర ఒకటి పరిచి, ఆపరేషన్లలో కుట్లు వేసే దారంతో గోడకి కుట్టేసింది. పొరలోంచి చెప్పు మసగ్గా కనిపిస్తుంది. ఆ కుట్టు చూస్తే గాయం గుర్తొస్తుంది, ఇంకా మానని గాయం. చెప్పుల్ని అందంగా గాజు పెట్టెలో పేర్చి ఉంటే మ్యూజియం సామాను అయ్యేవి. ఆ కుట్టు, ఆ మసక రెండూ కలిసి వాటిని ఎదురుచూపుగా మార్చాయి. మీ దగ్గరున్న వస్తువులన్నీ స్పష్టంగా చూపించాలని లేదు. కళ్లజోడు లాంటిది సగం కనిపిస్తే చాలు, లేదా అసలు పెట్టకపోయినా ఫర్వాలేదు.

రెండోది కర్ణాటకలో పుట్టిన షీలా గౌడ పని. 1998లో ఆమె పొడవాటి నూలు దారాల్ని సూదుల్లోంచి దూర్చి, కుంకుమ కలిపిన జిగురు పట్టించి, ఎర్రటి లావు తాళ్లుగా చేసింది. తాళ్లు నేల మీద, గోడ మీద పేగుల్లా, బొడ్డుతాడులా సాగుతాయి, చివర సూదులన్నీ గుత్తిగా వేలాడుతుంటాయి. నూలు, కుంకుమ, సూది. ఈ మూడూ ఏ ఇంట్లోనైనా ఆడవాళ్ల చేతిలో రోజూ ఉండేవే. బయటి నుంచి ఒక్క వస్తువూ తేలేదు. 2009లో ఆమె చేసిన ఇంకో పనిలో కారు బంపర్లని మనుషుల వెంట్రుకలతో పేనిన తాళ్లకి వేలాడదీసింది. దిష్టి తగలకుండా బండ్లకి కట్టే వెంట్రుకల తాడు అది. తలనీలాలు ఇచ్చే మనకి ఆ తాడు చూడగానే ఒళ్లు జలదరిస్తుంది. ఎవరి మొక్కో, ఎవరి భయమో ఆ ఇనుముని మోస్తోంది.

మూడోది మృణాళినీ ముఖర్జీ. 1970ల నుంచి జనపనార లాంటి నార తాళ్లకు రంగులద్ది, ఒట్టి ముడులతోనే మనిషంత, మనిషికి మించినంత రూపాలు కట్టింది. యక్షిణులు, పక్షులు, విచ్చుకునే పూలు. ముందు బొమ్మ గీసుకుని చేసినవి కావు, ముడి మీద ముడి పెరుగుతూ వచ్చినవి. ఆమె పనిలో అతుకు, రూపం వేరు కావు, ముడే శిల్పం. మగ్గం ఇంట్లో పెరిగిన మీకు ఇది నాకంటే త్వరగా అర్థమవుతుంది.

పాత ఉదాహరణ ఒకటి కూడా గుర్తుంచుకోండి. ఎడ్గార్ డెగా 1881లో పారిస్‌లో పద్నాలుగేళ్ల డాన్సర్ పిల్ల బొమ్మని మైనంతో చేసి, నిజం జుట్టు పెట్టి, రిబ్బను కట్టి, గుడ్డ గౌను తొడిగి చూపించాడు. చూసినవాళ్లలో చాలామందికి అది మింగుడు పడలేదు. పై జాకెట్టు గుడ్డ మీద పలచగా మైనం పూశాడు, కింద కుచ్చుల గౌనుని మాత్రం గుడ్డగానే వదిలాడు. అంటే ఒంటి నుంచి బట్టలోకి వెళ్లే దారిలో మధ్యలో ఒక మెట్టు పెట్టాడు. నిజం వస్తువు, చేసిన రూపం పక్కపక్కన పెట్టినప్పుడు రెండిటి మధ్య అలాంటి మెట్టు లేకపోతే వస్తువు అంటించినట్టే కనిపిస్తుంది.

ఇక మీ వస్తువులు ఒక్కొక్కటీ.

నాడె. దాన్ని కడగొద్దు, వార్నిష్ వేయొద్దు, రంగు అసలే వద్దు. చేయి పడ్డ చోట ఆ కర్రకి వచ్చిన నునుపు నలభై ఏళ్లు పట్టి వచ్చింది, ఏ పాలిష్ అయినా పది నిమిషాల్లో చెరిపేస్తుంది. పొడి మెత్తటి బ్రష్‌తో దుమ్ము తీస్తే చాలు. నాడెకి మేకు కొట్టడం, డ్రిల్ చేయడం నేనైతే చేయను. పరిగెత్తే వస్తువుకి మేకు కొడితే అది సిలువ వేసినట్టు ఉంటుంది. మీరు చెప్పాలనుకున్నది అదే అయితే సరే, లేకపోతే దారం మీద ఆగినట్టు, ఎవరో ఇప్పుడే వదిలినట్టు ఉంచండి. బిగించి లాగిన పడుగు దాని బరువు మోస్తుంది.

పన్నె చాలా అందంగా ఉంటుంది, అదే ప్రమాదం. గోడకి తగిలిస్తే షోపీసు అయిపోతుంది. దానిలోంచి పోగులు వెళ్తేనే అది పన్నె.

సగంలో ఆగిన చీరని కోయకండి. కోస్తే అది మెటీరియల్ అవుతుంది, కోయకపోతే ఆగిన పని అవుతుంది. మీ దగ్గరున్నవాటిలో అన్నిటికంటే బరువైనది ఇదే. ఆయన చివరగా కొట్టిన పేక, అంటే అడ్డపోగు, ఎక్కడుందో వేలు పెట్టి చూపించగలరు! అంతకంటే ఏ ముఖం ఆయన్ని దగ్గరగా చూపిస్తుంది? నా ఉద్దేశంలో మీ శిల్పం మొత్తం ఆ గీత చుట్టూ ఉండాలి.

లుంగీలు దాచుకోండి, ఇందులో వాడొద్దు. ఒంటి వాసన ఉన్న బట్ట వేరే సంగతి చెబుతుంది, అది పని గురించి కాదు. రెండూ కలిపితే ఒకదాని మాట ఒకటి వినపడనివ్వదు. ఇలాంటి శిల్పంలో మూడు పదార్థాలు దాటితే నాకు అనుమానం వస్తుంది. అన్నీ పెట్టేయాలనిపించడం ప్రేమే, నాకూ అలాగే అనిపించింది. కానీ అన్నీ పెట్టినది అతుకులబొంతలా ఉందని జనం తేలిగ్గా అనేస్తారు. నిజానికి బొంత అనే మాటని అలా వాడటం నాకు నచ్చదు. పాత చీరలు, పంచెలు పొరలుగా పరిచి మా అమ్మమ్మ కుట్టిన బొంతలో ఒకే రంగు దారం, ఒకే రకం కుట్టు ఈ చివరి నుంచి ఆ చివరికి ఉండేది. అన్ని రకాల గుడ్డల్నీ ఒకే ఇంటివాళ్లని చేసింది ఆ కుట్టు. మీకూ అలాంటి ఒకే కుట్టు కావాలి.

మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేసిన సంగతి ఇంకొకటుంది, మగ్గం గుంటని అమ్మ పూడ్చనివ్వలేదని, పైన చెక్క వేసి ఉంచిందని. ఇల్లు పడగొట్టే లోపు వెళ్లి ఆ గుంట లోపలి మట్టి రెండు గోతాలు తెచ్చుకోండి. గుంట కొలతలు కూడా తీసుకోండి, పొడవు, వెడల్పు, లోతు, కాళ్లతో తొక్కే చెక్కలు ఎంత దూరంలో ఉండేవో. ముఖం బదులు నేను ఆలోచించేది ఆ ఖాళీ గురించే. ఒక మనిషి మోకాళ్ల కింది భాగం నలభై ఏళ్లు ఉన్న చోటు అది. ఆ మట్టితో ఆ ఖాళీని చిన్నగానో, అసలు కొలతలోనో చేస్తే కూర్చున్న మనిషి కనిపిస్తాడు, ముఖం లేకుండానే.

ఆ మట్టిని కాల్చాలా, పచ్చిగా ఉంచాలా అన్నది మళ్లీ అర్థానికి సంబంధించినదే. దాదాపు 600 డిగ్రీల వేడి దాటాక మట్టి మళ్లీ నీళ్లలో కరగదు, ఎర్రగా టెర్రకోట అయి అలాగే నిలిచిపోతుంది. పచ్చిమట్టి నీళ్లు పడితే మళ్లీ మట్టే. కాలిస్తే ఆ గుంట ఇక ఎప్పటికీ పోదని చెప్పినట్టు. పచ్చిగా ఉంచితే, ఇల్లు పోతోంది, ఇదీ పోవచ్చు, చూసుకోవాల్సింది మనమే అని చెప్పినట్టు. నేనైతే పచ్చిగానే ఉంచుతాను. మట్టిని జల్లించి, సన్నగా తరిగిన వరిగడ్డి కలిపి, నాలుగైదు రోజులు నానబెట్టి, పలచటి పొరలుగా వేయండి. ఒక పొర ఆరాకే ఇంకోటి. గడ్డి ఉంటే ఎండేటప్పుడు పగుళ్లు తగ్గుతాయి. లోపల చెక్క ఫ్రేము పెట్టండి. ఇనుప బైండింగ్ వైరు పెడితే తడి మట్టిలో తుప్పు పట్టి మరకలు పైకి తేలతాయి.

నిలవడం గురించి అడిగారు కాబట్టి కొంచెం టెక్నికల్ సంగతులు. ఇనుము తుప్పు నూలుని తగిలితే మరకతో ఆగదు, పోగుని కూడా బలహీనం చేసి కాలక్రమేణా చిల్లులు పెడుతుంది. శ్రీకాళహస్తి కలంకారీలో నలుపు రంగు తుప్పు ఇనుము, బెల్లం నీళ్లు పులియబెట్టి చేస్తారు, అది కరక్కాయ పట్టించిన బట్ట మీద నల్లగా తిరుగుతుంది. పాత కలంకారీ బట్టల్లో మొదట చిరిగేది ఆ నలుపు ఉన్నచోటే. అంచేత నాడె ఇనుప ములుకులు చీరకి నేరుగా ఆనకుండా చూడండి. వైరు అవసరమైన చోట స్టెయిన్‌లెస్ స్టీలు వాడండి.

జిగుర్లలో ఫెవికాల్ ఆరాక మళ్లీ నూలు లోంచి పూర్తిగా రాదు. గంజి జిగురు తడిపితే వస్తుంది, కాకపోతే పురుగులు వస్తాయి. చింతగింజల జిగురుకీ అదే బెడద. కుట్టు, ముడి ఈ రెండిటికంటే మేలు, ఎప్పుడైనా విప్పుకోవచ్చు. చీరలో ఇప్పటికే పురుగు ఉందేమో అని అనుమానం ఉంటే పాలిథిన్ కవర్లో గాలి తీసి గట్టిగా మూసి, డీప్ ఫ్రీజర్లో రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక ఒక రోజంతా కవర్ విప్పకండి, వెంటనే విప్పితే చల్లటి గుడ్డ మీద చెమ్మ చేరుతుంది. ఎండ పడని గోడ దగ్గర పెట్టండి. గాజు పెట్టెలో పెడితే గాలి ఆడటానికి సందు వదలండి, లేకపోతే వానాకాలంలో లోపల బూజు.

పాడవడం కూడా ఒక ఎంపికే అని మర్చిపోకండి. అమెరికా శిల్పి ఎవా హెస్ 1960ల చివర్లో లాటెక్స్ రబ్బరు పూసిన గుడ్డతో శిల్పాలు చేసింది, అది నిలవదని తెలిసే చేసింది. 1970లో 34 ఏళ్లకే పోయింది. ఒకప్పుడు మెత్తగా, వెలుతురు చొరబడేలా ఉన్న ఆ పనులు ఇప్పుడు గోధుమరంగు తిరిగి పెళుసుబారిపోయాయి. ఆమె పని అలా మారడం ఆమె ఒప్పుకున్న సంగతి. మీ నాన్నగారి చీర విషయంలో ఒప్పుకోవాల్సింది మీరు ఒక్కరే కాదు, మీ అమ్మగారు, మీ అన్నదమ్ములు. మొదలుపెట్టే ముందు వాళ్లని అడగండి.

అమ్మగారి దగ్గరికే వస్తున్నాను. మీరు రాసిన జాబితాలో అన్నీ నాన్నగారి వస్తువులే. కండెలు కూడా ఆయనవనే రాశారు. కండెలు చుట్టింది ఎవరమ్మా? చాలా ఇళ్లలో రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది ఆడవాళ్లే. మీ ఇంట్లోనూ అమ్మగారే అయితే, చీరలో నేత ఆయనది, పేక ఆమె చుట్టిన నూలు. ఆ కండెల్ని తల చుట్టూ అంటిస్తే ఆమె పని ఆయన కిరీటం అయిపోతుంది. నిండు కండెలు ఒకటి రెండు ఉంటే వాటిని నిండుగానే ఉంచండి, అలంకారంగా విప్పొద్దు. ఆ నూలు ఆమె చేతి బిగువుతో ఉంది.

మీకు కావాల్సిన అతుకు మీ ఇంట్లోనే ఉంది. మా శిల్పుల భాషలో అచ్చంటే మోల్డ్, పోతపోసేది. మీరు ముఖానికి చేయాలనుకున్నది ఆ అచ్చు. మీ ఇంటి భాషలో అచ్చంటే పడుగు పోగులు దూరే పన్నె. ఒక పడుగు అయిపోయాక అచ్చులో మిగిలిన పాత పోగుల చివరలకి కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటీ కలిపి, వేళ్లకి బూడిద రాసుకుని మెలిపెడతారు. ముడి ఉండదు, జిగురు ఉండదు, మెలి మాత్రమే. వందల పోగులు. అచ్చు అతకడం అనే ఆ పని మీరు చిన్నప్పుడు చూసే ఉంటారు. ఆగిపోయిన చీర పోగులకి కొత్త నూలు అలా అతికి, ఆ కొత్త పోగుల్ని బిగువుగా లాగి మట్టి గుంట దాకా తీసుకెళ్తే ఎలా ఉంటుందో ఆలోచించండి. కొత్త నూలు ఏ రంగన్నది తర్వాతి సంగతి. నాకైతే రంగు వేయని పచ్చి నూలు బాగుంటుందనిపిస్తోంది, పాతదెక్కడ ఆగిందో, కొత్తదెక్కడ మొదలైందో దాచకుండా.

అసలు చీర ముట్టుకునే ముందు మూడు చిన్న నమూనాలు చేయండి, ఒక్కోటి అరచేయంత. ఒకదాంట్లో నూలుని మట్టిలో ముంచండి, రెండోదాంట్లో మట్టి అంచుకి కుట్టండి, మూడోదాంట్లో చిన్న కర్రకి మెలిపెట్టి మట్టి మీద ఆనించి వదలండి. మూడూ నెల రోజులు కిటికీ దగ్గర పెట్టి రోజూ చూడండి. ఏది చూసినప్పుడు నాన్నగారు గుర్తొస్తే దానితో ముందుకి వెళ్లండి. ఫొటోలు ఇక్కడే పెడితే చూసి చెబుతాను.

పోగులు అతికే రోజు మాత్రం అమ్మగారి పక్కనే కూర్చోండి. పగటి వెలుతురు బాగా పడే గది చూసుకోండి, చీరని ఆమె కూర్చునే ఎత్తుకి కట్టండి, సన్నగా జల్లించిన బూడిద ఒక మూతలో పోసి దగ్గర పెట్టండి. మొదటి పది పోగులు ఆవిడ్ని అతకనివ్వండి.